ఓడ ఎక్కినట్టు ధ్రువపత్రం

కర్రి దాలినాయుడు ఆ రోజు చేసిన తప్పు ఒక్కటే. సెలవు చీటీలో నిజం రాశాడు.

లోకంలో ఏ ఉద్యోగి అయినా సెలవు కావాలంటే 'స్వంత పనుల నిమిత్తం' అని రాసి ఊరుకుంటాడు. ఆ మూడు మాటల చాటున ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని సినిమాలు, ఎన్ని మధ్యాహ్నపు నిద్రలు హాయిగా జరిగిపోతున్నాయో లెక్కలేదు. దాలినాయుడికి ఆ చాటు గిట్టదు. 'కారణము' అని ఫారంలో గడి ఉంది, ఉన్నప్పుడు కారణం రాయాలి కదా అనుకునే మనిషి. అందుకని చక్కని చేతిరాతతో 'భార్యతో కలసి నాలుగు రోజుల ఓడ విహారం' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

విశాఖపట్నంలోని రాష్ట్ర కొండచీపుళ్ళ అభివృద్ధి మండలిలో ఆయన సూపరింటెండెంటు. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో ఫైలు మీద ఎవరు ఏ ప్రశ్న రాసినా జవాబు రాయకుండా వదిలిన పాపాన పోలేదు. ఒకటి అడిగితే నాలుగు చెప్పేవాడు. ఇంట్లో సూరీడమ్మ "కూరేటి సెయ్యమంటారు?" అని అడిగినా మూడు కూరల పేర్లూ, వాటి మంచిచెడ్డలూ, చివర్న తన సిఫారసూ వినిపించేవాడు. ఆవిడ ఈలోపల వంకాయలు తరిగేసుకునేది.

ఈ జవాబుల పిచ్చే ఆ ఇంటి సుఖానికి అడ్డం పడింది. పెళ్ళైన కొత్తలో అరకు వెళ్దామని రైలెక్కి కూర్చుంటే, శాసనసభలో చీపుళ్ళ మీద ఎవరో ప్రశ్న వేశారని కబురొచ్చి దాలినాయుడు దిగిపోయాడు. ఇంకోసారి పూరీకి బయలుదేరితే విజయనగరంలో దిగిపోయాడు. కన్యాకుమారి అయితే ఇంటి గుమ్మంలోనే దిగిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో సూరీడమ్మ మొగుడితో కలిసి చేసిన అతి దూర ప్రయాణం ఊళ్ళోని కైలాసగిరి కొండ.

ఓడ సంగతి ఎత్తిందీ ఆవిడే. ఆవిడ తమ్ముడు తవిటినాయుడికి గాజువాకలో రంగుల కొట్టుంది. కంపెనీవాళ్ళు డీలర్లందరినీ ఓడెక్కించి తిప్పి తీసుకొచ్చారు. అప్పటినుంచి అతను రంగులు అమ్మడం కంటే ఓడ గురించి చెప్పడమే ఎక్కువ. ఓడలో ఫోను పనిచెయ్యదని అతను ఓ రోజు మాటల్లో అన్నాడు. సూరీడమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"పన్జెయ్యదా? ఎవులికీనా?"

"ఎవులికీ పన్జెయ్యదప్పా. ఒడ్డు దాటి ఓ గంట పోయిందంటే అంతే."

ఆ సాయంత్రమే మొగుణ్ణి కూర్చోబెట్టి చెప్పింది. "సూడండి. నాకు నగలొద్దు, చీరలొద్దు. నాలుగ్రోజులు ఫోను మోగకుండా నా పక్కన కూకోండి. ఈపాలి మీరు రాపోతే నానొక్కదాన్నే ఎల్లిపోతాను. ఎల్లొచ్చినాక కూడా ఒక్కదాన్నే అనుకుని బతికీస్తాను."

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే దాలినాయుడు అంత భయపడేవాడు కాడు. మర్నాడే వెళ్ళి టిక్కెట్లు తీశాడు. విశాఖ నుంచి పుదుచ్చేరి దాకా పోయి, తిరిగి విశాఖకు. నాలుగు రోజులు.

ఇక తవిటినాయుడికి పండగే. సాయంత్రం పూట వచ్చి కూర్చుని బావగారికి పాఠం చెప్పేవాడు.

"బావా, గది నడిమధ్యన తీసుకో, కింద అంతస్తులో. ముందో ఎనకో తీసుకున్నావంటే ఉయ్యాల్లో కూకోబెట్టినట్టుంటాది. అల్లం ముక్క జేబులో ఎట్టుకో. కళ్ళు తిరిగితే గదిలో పడుకోకు. పైకెళ్ళి నీళ్ళూ ఆకాశం కలిసినకాడ సూడు, సర్దుకుంటాది. పెట్లు గదికొచ్చేతలికి సాయంత్రమైపోద్ది, మందులూ ఓ జత బట్టలూ చేతిసంచీలో ఎట్టుకో. మొదటి పూటే అన్నీ తినీకు, నాలుగ్రోజులూ ఎడతారు. ఆళ్ళిచ్చిన కార్డు మెడలోంచి తియ్యకు, గది తాళం అదే, నువ్వెవులన్నదీ అదే. ఫోను ఆపీసి పారీ. ఇంకొకటి బావా, ఓడోడు ఎవులికోసం ఆగడు. గంట ముందే ఎక్కీసి కూకో."

సలహాలతో పాటు అభిప్రాయాలు కూడా ఉచితంగానే ఇచ్చాడు. "ఒక్కసారి ఎల్లేవంటే మళ్ళీ ఎల్లకుండా ఉండలేవు బావా" అన్నది అందులో ముఖ్యమైనది. దాలినాయుడు అన్నిటినీ పాత డైరీలో వరసగా నెంబర్లు వేసి రాసుకున్నాడు. మొత్తం పద్నాలుగు వచ్చాయి.

సెలవు చీటీ పరిపాలనాధికారి నీలాద్రిరావు గారి బల్ల మీదికి వెళ్ళింది. మండలి పుట్టినప్పటినుంచి అలాంటి కారణం చూడలేదాయన. ఎదురుపడని విషయం ఎదురుపడితే ఆయన ఒకటే చేస్తాడు, ప్రశ్న రాస్తాడు. 'సదరు ఉద్యోగి సముద్రముపై సంచరించు కాలమున వారి క్షేమము నిమిత్తము తీసుకొనదలచిన జాగ్రత్తలు ఎవ్వి? విశదపరచవలెను' అని రాసి ఫైలు వెనక్కి పంపాడు.

'నాకు ఈత వచ్చును' అని రాసినా సరిపోయేది. దాలినాయుడు పాత డైరీ తీశాడు. పద్నాలుగు సలహాలనూ కార్యాలయ భాషలోకి దించి, రెండు పేజీలు నింపి, చివర్న ఊరుకోలేక 'పై సూచనలు ఇతరులకు సైతము ఉపయోగకరముగా ఉండగలవు' అని ఓ ముక్క చేర్చాడు. ఆ ముక్క ఆయన కొంప ముంచింది.

ఫైలు డైరెక్టరు హయగ్రీవ ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అప్పుడే ఏదో పెద్ద నగరంలో సదస్సుకు వెళ్ళి, 'ఉద్యోగి ఉల్లాసమే ఉత్పత్తికి మూలం' అన్న మాట వంటబట్టించుకుని వచ్చారు. వచ్చినప్పటినుంచీ ఉల్లాసం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. ఆ రెండు పేజీలూ చదివి దాలినాయుణ్ణి పిలిపించారు.

"దాలినాయుడు గారూ! మీరు సమర్పించినది సెలవు చీటీ కాదు. ఒక దార్శనిక పత్రం."

"సెలవు చీటీయే సార్. నాలుగు రోజులు..."

"ఆ వినమ్రతే మిమ్మల్ని ఇంతకాలం మరుగున ఉంచింది. ఇకపై అలా జరగరాదు. మన మండలిలోని నలభై ఆరుగురు ఉద్యోగులూ కుటుంబ సమేతంగా అదే ఓడలో, అవే తేదీలలో, మీ సూచనలకు లోబడి ఉల్లసిస్తారు. ఈ మహత్కార్యానికి మీరే నోడల్ అధికారి."

 దాలినాయుడు బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. సూరీడమ్మకి ఏమని చెప్పాలో తెలియలేదు.

ఆవిడ అంతా విని, "అయితే ఆఫీసు మనతో ఓడెక్కతాదన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నంలోకి ఏ కూర కావాలో కూడా అడగలేదు.

వారం తిరక్కుండా 'ఉద్యోగుల ఓడ విహార నియమావళి' వెలువడింది. మొదటి ప్రతిలో దాలినాయుడు 'మంచిది' అని రాసిన చోటల్లా నీలాద్రిరావు గారు 'వలెను' అని దిద్దారు. అంతే తేడా. ఆ ఒక్క తేడాతో మండలిలో చీపుళ్ళ పని ఆగిపోయింది.

గది నడిమధ్య, కింది అంతస్తులో ఉండవలెను అన్నది మూడో నియమం. నడిమధ్య అంటే ఎక్కడో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఓడ బొమ్మ తెప్పించి, స్కేలుతో కొలిచి, మధ్య గది ఒకటే ఉంటుందని తేల్చింది. అది డైరెక్టరు గారికే చెందాలన్నారు. అయితే అది కింది అంతస్తు. డైరెక్టరు గారు కింద ఉండగా గుమాస్తాలు పైన తిరగడం ఏ సర్వీసు రూలు ఒప్పుకుంటుంది? చివరికి ఆయన పదో అంతస్తులో ఉండి, కింది అంతస్తులో ఉన్నట్లు భావించబడవలెనని సవరణ తెచ్చారు.

అల్లం నియమం వచ్చాక ఉదయం హాజరు వేసేటప్పుడు ప్రతి ఉద్యోగీ నాలుక చాపి అల్లం ముక్క చూపించాల్సి వచ్చింది. కళ్ళు తిరిగే స్వభావం ఎవరికుందో ముందే తెలుసుకోవడం మేలని ఆఫీసు ఆవరణలో ఉయ్యాల కట్టించారు. ఒక్కొక్కరినీ ఇరవై నిమిషాలు ఊపారు. వాంతి చేసుకున్నవాళ్ళు రెట్టింపు అల్లం తినవలెనని రాశారు. చేసుకోనివాళ్ళు అల్లం ఎందుకు తింటున్నారో సంజాయిషీ ఇవ్వమన్నారు. పాపం, టైపిస్టు మాణిక్యాంబ గారు ఉయ్యాల దిగనంది. చిన్నప్పుడు ఊగిందే, మళ్ళీ ఇన్నాళ్ళకి ఊగుతున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొత్తం వ్యవహారంలో ఎవరైనా ఉల్లసించారంటే ఆవిడ ఒక్కతే.

నీళ్ళూ ఆకాశం కలిసే చోటు చూడమన్న సలహా 'దిగంత దర్శన రిజిస్టరు' అయింది. ప్రతి ఉద్యోగీ ఓడ మీద రోజుకు నలభై నిమిషాలు దిగంతాన్ని చూసి, చూసిన సమయం, దిక్కు, కనిపించినది, కనిపించనిచో కారణం, నాలుగు గడుల్లో రాయాలి. ఫోను ఆపెయ్యమన్న సలహా ఇంకా ముందుకు వెళ్ళింది. ఫోను ఆపివేసినట్లు ప్రతి రెండు గంటలకూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టవలెను.

"సార్, ఆపేసిన ఫోనుతో ఫోటో ఎలా పెడతాం?" అని దాలినాయుడు ఉండబట్టలేక అడిగాడు.

"అది అమలు దశలో ఎదురయ్యే ఇబ్బంది. విధాన దశలో ప్రస్తావించకూడదు," అన్నారు హయగ్రీవ ప్రసాద్ గారు.

కార్డు విషయంలో మాత్రం మండలి ఓడ కంపెనీని నమ్మలేదు. మెడలో వేసుకోవడానికి తన సొంత కార్డులే అచ్చు వేయించింది. లోపల చిన్న చిప్పు, దగ్గర్లో ఉన్న యంత్రం గంటకోసారి దాన్ని పసిగట్టి హాజరు వేసుకుంటుంది. కార్డు ఒకచోట, ఉద్యోగి ఇంకోచోట ఉంటే ఏం చెయ్యాలని నీలాద్రిరావు గారు ప్రశ్న రాశారు. డైరెక్టరు గారు ఆకుపచ్చ సిరాతో జవాబు రాశారు: 'కార్డు ఉన్నచోటనే ఉద్యోగి ఉన్నట్లు భావించవలెను. ఈ విషయమై ఇక చర్చ లేదు.'

'మళ్ళీ వెళ్ళకుండా ఉండలేం' అన్న తవిటినాయుడి అభిప్రాయాన్ని కూడా వదల్లేదు. తరచు సెలవులకు దారితీసే ప్రమాదముందని, మళ్ళీ వెళ్ళబోమంటూ అందరి దగ్గరా ముందే హామీ పత్రం రాయించుకున్నారు.

కుటుంబ సభ్యులకు ఇవన్నీ వర్తిస్తాయా అన్న ప్రశ్న కూడా వచ్చింది. వారు మండలి పరిధిలోకి రారు కనుక వారి ఇష్టం వచ్చినట్లు ప్రయాణించవచ్చునని తేల్చారు. ఉద్యోగులను మాత్రం పద్నాలుగు ధ్రువపత్రాలూ లేనిదే ఎక్కించుకోరాదని ఓడ కంపెనీకి ఉత్తరం రాశారు. కంపెనీవాళ్ళు ఇదేదో సరదాగా ఉందని ఒప్పుకున్నారు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. సాయంత్రం అయిదింటికి ఓడ కదులుతుంది, నాలుగింటికి గేటు మూసేస్తారు. రేవులో టెర్మినల్ ఎదురుగా మండలి షామియానా వేసింది, తిరిగొచ్చినప్పుడూ తనిఖీ ఉండాలని నాలుగు రోజులకు మాట్లాడి. పైన 'నియమ పాలన తనిఖీ కేంద్రము' అని బ్యానరు. స్తంభానికి కార్డు యంత్రం, పక్కన కొక్కెం. యంత్రం కింద నోడల్ అధికారి కుర్చీ. దాలినాయుడు పదకొండింటికే దాన్లో కూర్చుని సంతకాలు మొదలుపెట్టాడు.

కుటుంబాలన్నీ పన్నెండున్నరకల్లా గేటు దాటి వెళ్ళిపోయాయి. సూరీడమ్మ నేరేడు రంగు చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, మొగుడి బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"మీ పెట్టి కూడా ఇచ్చీసేను. గదికి పంపుతారంట. మీరొస్తారా, పెట్టొక్కటే వస్తాదా?"

"ఎంతసేపే, సంతకాలు కాగానే వచ్చేస్తాను."

"విజయనగరంలోనూ ఇలాగే అన్నారు," అని వెళ్ళిపోయింది.

అల్లం చూశారు. చేతిసంచీలు విప్పి మందులూ ఓ జత బట్టలూ ఉన్నాయో లేదో చూశారు. మూడు దాటేసరికి పదమూడు ధ్రువపత్రాలు పూర్తయ్యాయి. పద్నాలుగోది చేతిలోకి తీసుకున్న నీలాద్రిరావు గారు కళ్ళజోడు సవరించుకుని, మళ్ళీ చదివి, డైరెక్టరు గారి వైపు తిరిగారు.

"సార్, చిన్న సందేహం. ఈ ధ్రువపత్రంలో 'సదరు ఉద్యోగి ఓడ కదులుటకు గంట ముందుగా ఓడ ఎక్కియున్నారు' అని ఉంది. ఇది ఇస్తేనేగాని ఎక్కనివ్వరాదు. ఎక్కితేనేగాని ఇది ఇవ్వరాదు."

 యంత్రం ఒకసారి కీచుమంది.

"ఎక్కబోవుటను ఎక్కియుండుటగా భావించవచ్చునా?" అన్నారు హయగ్రీవ ప్రసాద్ గారు.

"భావించడానికి ఉత్తర్వు కావాలి సార్."

"ఎవరివ్వాలి?"

"తమరే సార్."

"అయితే ఇస్తున్నాను."

"తమరూ ప్రయాణికులే కాబట్టి, స్వప్రయోజనం కోసం ఉత్తర్వు ఇచ్చుకున్నారన్న మాట వస్తుందేమో సార్."

డైరెక్టరు గారు ఆలోచనలో పడ్డారు. నలభై అయిదుగురు ఉద్యోగులు నోట్లో అల్లంతో ఆయన ముఖంలోకి చూస్తున్నారు. వెళ్ళి ఎక్కేద్దామని ఒక్కరికీ తోచలేదు. తోచినవాళ్ళకి నోరు రాలేదు. మూడుంపావయింది, మూడున్నరయింది.

"ఓడను ఆపుదాం," అన్నారు చివరికి డైరెక్టరు గారు. "కెప్టెన్ గారికి లేఖ రాయండి. 'ప్రజాహితమును దృష్టియందుంచుకొని, పద్నాలుగవ నియమముపై స్పష్టత వెలువడునంతవరకు తమ నౌకను యథాస్థానమున నిలిపియుంచవలసినదిగా...' రాస్తున్నారా?"

నీలాద్రిరావు గారు రాస్తున్నారు. అప్పుడే దాలినాయుడి ఫోను మోగింది. సూరీడమ్మ.

"ఏటండీ, గది బావుంది. నడిమధ్యనే ఇచ్చేరు. గదికి చిన్న వరండా ఉంది, అక్కణ్ణించి నీళ్ళు కనిపిస్తన్నాయి. రెండు కుర్చీలేసేరు."

దాలినాయుడు ఊఁ అన్నాడు.

"రెండేసేరు," అంది మళ్ళీ. పెట్టేసింది.

  దాలినాయుడికి అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న పాతికేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. తను దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడితే చెయ్యి ఊపింది, తరవాత ఆ పిల్లా దిగి వెనకే నడుచుకుంటూ వచ్చింది.  ఆ రోజు శాసనసభలో అడిగిన ప్రశ్న ఏమిటో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తు రావడం లేదు. సిగ్గేసింది. కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడికి?" అన్నారు నీలాద్రిరావు గారు, రాస్తూనే.

"గేటు దాకా సార్."

గేటు దగ్గర ఓడ కంపెనీ అమ్మాయి నీలం కోటు వేసుకుని నిలబడి ఉంది. దాలినాయుడు టిక్కెట్టూ ఆధార్ కార్డూ చూపించాడు. ఆ అమ్మాయి ఆయన మెడలో వేలాడుతున్న కార్డు చూసింది.

"సర్, మీ ఆఫీసు వాళ్ళే లెటరిచ్చారు. ఉద్యోగులైతే పద్నాలుగు సర్టిఫికెట్లూ ఉండాలి. ఫ్యామిలీ అయితే ఏం అక్కర్లేదు. మీరు ఉద్యోగా సర్, ఫ్యామిలీయా?"

ఇలాంటి ప్రశ్నకు దాలినాయుడు మామూలుగా అయితే ఉద్యోగంలో చేరిన తేదీ, పెళ్ళైన తేదీ, రెంటికీ గల సంబంధం వివరించేవాడు. నోరు తెరిచాడు కూడా. లోపలి మెట్ల మీంచి సూరీడమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడు దిగి వచ్చిందో, అక్కడే నిలబడి ఉంది.

"ఉద్యోగెక్కడమ్మా, నా మొగుడు."

"మెడలో కార్డుంది కదండీ మరి," అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

దాలినాయుడు వెనక్కి తిరిగి షామియానాలోకి నడిచాడు.  మళ్ళీ విజయనగరమే అనుకుంది సూరీడమ్మ. ఆయన మెడలోంచి కార్డు తీసి, స్తంభానికున్న కొక్కేనికి తగిలించాడు. యంత్రం కీచుమని 'హాజరు నమోదైనది' అంది. బల్ల మీది పెన్ను మూత పెట్టి, మూత పెట్టాక ఒకసారి సరిగ్గా పట్టిందో లేదో చూసి, గేటు వైపు నడిచాడు. నడక కాదు, కొంచెం పరుగే. డైరెక్టరు గారు ఆ సమయంలో 'యథాస్థానమున' బావుందా 'యథాతథముగా' బావుందా అన్న చర్చలో ఉన్నారు. ఎవరూ చూడలేదు.

"మీరెవరు సర్?" అంది ఆ అమ్మాయి.

"ఈవిడ ఫ్యామిలీ," అన్నాడు దాలినాయుడు.

అయిదింటికి ఓడ పెద్దగా కూత పెట్టి కదిలింది. వరండాలో రెండు కుర్చీల్లో ఇద్దరు కూర్చున్నారు. కింద రేవులో షామియానా కనిపించింది, దాని కింద నలభై అయిదుగురు. హయగ్రీవ ప్రసాద్ గారు లేఖ పట్టుకుని చెయ్యి పైకెత్తారు. ఆపమంటున్నారో వీడ్కోలు చెబుతున్నారో దూరానికి తెలియలేదు. పై అంతస్తుల్లోంచి నలభై అయిదు కుటుంబాలు హుషారుగా చేతులూపాయి.

ఓ గంటకి దాలినాయుడి ఫోను మోగడం మొదలైంది. వాట్సాప్ గ్రూపులో 'నోడల్ అధికారి ఎక్కడ?' అని వచ్చింది. ప్రశ్న. ఆయన వేళ్ళు వాటంతటవే జవాబు కొట్టడానికి లేచాయి. సూరీడమ్మ సముద్రం కేసి చూస్తూ కూర్చుంది. ఫోనులో నాలుగు గీతలు మూడయ్యాయి, రెండయ్యాయి, ఒకటైంది, పోయింది.

"ఎవులు?" అంది సూరీడమ్మ.

"ఎవరూ కాదు."

ఇద్దరూ నీళ్ళూ ఆకాశం కలిసే చోటు చూశారు. చీకటి పడేదాకా చూశారు. ఏ దిక్కున, ఎన్ని నిమిషాలు చూశారో ఎక్కడా రాయలేదు.

నాలుగు రోజులూ ఓడలో ఆడవాళ్ళు "మా ఆయనేమయ్యారండీ నాయుడు గారూ?" అని ఎదురైనప్పుడల్లా అడిగేవాళ్ళు. "రూలు ప్రకారం ఉన్నారమ్మా" అనేవాడు దాలినాయుడు. వాళ్ళు "అయితే క్షేమమే" అని భోజనాల వైపు వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరి ముఖంలోనూ పెద్ద దిగులేమీ కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో విశాఖ కొండలు కనబడేసరికి దాలినాయుడు ఫోను తీసి చూశాడు. ఫోనులో గీతలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. సస్పెన్షను తప్పదనుకున్నాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. నలభై అయిదుగురి బల్లల మీదా నలభై అయిదు మెమోలున్నాయి. డైరెక్టరు గారి బల్ల మీద ఉన్నది రాజధాని నుంచి వచ్చింది. ఆ నాలుగు రోజులూ హాజరు లేకుండా ఎక్కడికి పోయారో తెలపాలని అందరినీ అడిగారు. ఓడ వెళ్ళిపోయాక వాళ్ళంతా చేసేదేం లేక, కార్డులు మెడలో వేసుకుని ఇళ్ళకు వెళ్ళి పడుకున్నారు మరి.

దాలినాయుడి బల్ల మీద మాత్రం కవరుంది. లోపల ప్రశంసా పత్రం. యంత్రం ఇచ్చిన నివేదిక ప్రకారం ఆయన నాలుగు రోజులు, రాత్రింబవళ్ళు, ఒక్క గంట కూడా తప్పకుండా రేవులోని తనిఖీ కేంద్రంలో హాజరైయున్నారు. తోటివారందరూ విధిని వీడి వెళ్ళిపోగా, ఎండకూ మంచుకూ చలించక ఒంటరిగా నిలిచిన ఆయన కర్తవ్యనిష్ఠ మండలికే ఆదర్శమని రాసి, కింద హయగ్రీవ ప్రసాద్ గారే సంతకం చేశారు. కార్డు ఉన్నచోటనే ఉద్యోగి ఉన్నట్లని రాసింది ఆయనే, ఇక చర్చ లేదన్నదీ ఆయనే. కాదనడానికి ఆయన దగ్గర దారి లేకపోయింది.

సాయంత్రం ఇంటి దగ్గర సూరీడమ్మ ఆ పత్రం రెండుసార్లు చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తవిటినాయుడు "సెప్పేను కద బావా, కార్డే ముఖ్యమని" అన్నాడు.

పత్రం అడుగున ఒక గడి ఉంది. 'పై కాలమున విధి నిర్వహణలో తమకు కలిగిన అనుభవములను, తెలుపదలచిన ఇతర విషయములను దిగువ వివరింపుడు' అని, కింద పది గీతలు. అలవాటు కొద్దీ దాలినాయుడు జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పాడు. సూరీడమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన కేసి చూస్తూ నిలబడింది.

చాలాసేపు ఆ పది గీతల కేసి చూశాడు. తరవాత పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గడి ఖాళీగా ఉండిపోయింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి.

"మరి అరకెప్పుడు?" అంది సూరీడమ్మ, మెల్లిగా.

"రేపే సెలవు చీటీ పెడతాను."

"కారణం ఏటని రాస్తారు?"

దాలినాయుడు ప్రశంసా పత్రాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"స్వంత పనుల నిమిత్తం," అన్నాడు.